ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కి ఐపీవీ6: వడపళని ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

చెన్నై వడపళనిలో తెలుగు డబ్బింగ్, ఎడిటింగ్ చేసే స్టూడియో ఇది. ఫుటేజీ, సౌండ్ ట్రాకులు అన్నీ ఒకే ఫైల్ సర్వర్‌లో ఉంటాయి. దాని మీద నడిచేది సీ భాషలో రాసిన యూజర్‌స్పేస్ (కెర్నెల్ బయట నడిచే) ఎన్ఎఫ్ఎస్ సర్వర్, అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్ళు పంచే ప్రోగ్రాం, వెర్షన్ 3 మాత్రమే. ఇన్నాళ్ళూ 32 బిట్ల చిరునామాల ఐపీవీ4తో గడిచిపోయింది. ఐపీవీ6 దాని తర్వాతి తరం, చిరునామా 128 బిట్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంకో ఎడిటింగ్ గది కలిసింది. అక్కడి బ్రాడ్‌బ్యాండ్ సీజీనాట్ (ఒకే బయటి చిరునామాని చాలామంది చందాదారులకి పంచే పద్ధతి) వెనక ఉంది. 100.64.0.0/10 లోని (/10 అంటే మొదటి 10 బిట్లు అందరికీ ఒకటే) చిరునామా ఇస్తారు, బయటి నుంచి ఐపీవీ4లో దాన్ని చేరుకోలేం. పైగా రెండు ఊళ్ళలోనూ లోపలి నెట్‌వర్క్ 192.168.1.0/24నే. టన్నెల్ వేసినా ఏ 192.168.1.20 ఎవరిదో రౌటర్‌కి తెలియదు. అందుకే రెండు ఊళ్ళనీ కలిపే వైర్‌గార్డ్ (ఒక వీపీఎన్) టన్నెల్ బయట కూడా ఐపీవీ6, లోపల కూడా ఐపీవీ6 అని నిర్ణయించాం.

ఈ పనిలో ఒక ఊరట ఉంది. ఎన్ఎఫ్ఎస్ 3 నిర్వచనం 1995 జూన్ నాటి ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 1813. ఐపీవీ6 తొలి ఆర్ఎఫ్‌సీ 1883 అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. అంత పాతదైనా వెర్షన్ 3 సందేశాల్లో ఐపీ చిరునామా పెట్టే గడి ఎక్కడా లేదు. ఫైల్ హ్యాండిల్, ఆఫ్‌సెట్, బైట్ల లెక్క, అంతే. కాబట్టి వైరు మీద వెళ్ళే డేటా రూపం ఒక్క బైటు కూడా మారదు. మారాల్సిందంతా మన ప్రోగ్రాంలోనే, ముఖ్యంగా "ఈ అడిగేది ఎవరు?" అని అది తేల్చుకునే చోట. సాకెట్ తెరవడం చిన్న పని. ఫైల్ సర్వర్ చిరునామాని చూసి అనుమతి ఇస్తుంది కాబట్టి, ఆ పోల్చే కోడ్‌లో తేడా వస్తే ఒకరి ఫుటేజీ ఇంకొకరి చేతికి పోతుంది. ఎక్కువ సమయం అక్కడే పెట్టాలని ముందే అనుకున్నాం.

సోమవారం: చిరునామా ఎక్కడెక్కడ దాక్కుంది

కోడ్ రాయడానికి ముందు గ్రెప్, అంటే పాత కోడ్‌లో మాటల వెతుకులాట. వెతికిన మాటలు: సాక్‌అడ్ర్_ఇన్, ఇన్_అడ్ర్, ఎస్_అడ్ర్, ఐనెట్_ఎన్‌టోఏ, ఐనెట్_అడ్ర్, గెట్‌హోస్ట్‌బైనేమ్, ఏఎఫ్_ఐనెట్. ఇవి దొరికిన చోట్లన్నీ నాలుగు గుంపుల్లో పడ్డాయి: వినే సాకెట్లు, ఎక్స్‌పోర్ట్స్ ఫైలు (ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో రాసేది) చదివే పార్సర్, క్లయింట్‌ని పోల్చే ఫంక్షన్లు, లాగ్ సందేశాలు. గ్రెప్‌కి చిక్కనివి ఇంకో రకం: చిరునామాని మామూలు 32 బిట్ల పూర్ణాంకంగా దాచుకున్న వేరియబుల్స్. వాటి టైపు చూస్తే అది చిరునామా అని తెలియదు. ఇన్_అడ్ర్ స్ట్రక్చర్‌కి తాత్కాలికంగా ఇంకో పేరు పెట్టి కంపైల్ చేస్తే, ఎర్రర్లను బట్టి అవి ఎక్కడెక్కడికి పాకాయో బయటపడుతుంది. మేము ఆ దారే పట్టాం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాస్ట్, అంటే ఒక రకం స్ట్రక్చర్‌ని ఇంకో రకంగా చదవమనడం. సాక్‌అడ్ర్_ఇన్ 16 బైట్లు: ఫ్యామిలీ 2, పోర్టు 2, ఆ వెంటనే ఐదో బైటు నుంచి చిరునామా 4. సాక్‌అడ్ర్_ఇన్6 28 బైట్లు: ఫ్యామిలీ 2, పోర్టు 2, ఐదో బైటు నుంచి ఫ్లో సమాచారం 4, తొమ్మిదో బైటు నుంచి 16 బైట్ల చిరునామా, చివర స్కోప్ (ఏ ఇంటర్‌ఫేస్ అనేది) 4. పాత కోడ్ రెండోదాన్ని మొదటిదనుకుని చదివితే చిరునామా ఉండాల్సిన చోట దొరికేది ఫ్లో సమాచారం, అది మామూలుగా సున్నా. అంటే ఐపీవీ6లో వచ్చిన ప్రతి క్లయింటూ 0.0.0.0గా కనిపిస్తుంది. కంపైలర్ నోరెత్తదు, ప్రోగ్రాం కూలిపోదు. ఈ సర్వర్‌లో "ఇంతకుముందు చూసిన క్లయింట్" అనే చిన్న క్యాష్ ఒకటి ఉంది. చిరునామా అదే అయితే పాత తీర్పునే మళ్ళీ ఇస్తుంది. అందరూ 0.0.0.0 అయితే మొదట వచ్చినవాడికి దొరికిన అనుమతే వెనక వచ్చిన అందరికీ దొరుకుతుంది. ఐపీవీ6 సాకెట్ తెరవకముందే ఈ క్యాష్ కీని మార్చేశాం.

మంగళవారం: ఒకే గుమ్మం

చిరునామా లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉండాలని పెట్టుకున్నాం. ఎన్ఎఫ్ఎస్ పిలుపుల్ని మోసే సన్ ఆర్‌పీసీ కోడ్‌ని జీలిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ) 2.32లో తీసేశారు, కాబట్టి ఎటూ ఆ పని చేసే వేరే లైబ్రరీ లిబ్‌టీఐఆర్‌పీసీకే మారాలి. ఐపీవీ6 తెలిసినదీ అదే. అందులో పాత ఎస్‌వీసీ_గెట్‌కాలర్ జోలికి పోకుండా ఎస్‌వీసీ_గెట్‌ఆర్‌పీసీకాలర్ వాడాలి. అది నెట్‌బఫ్ ఇస్తుంది: పొడవు, దాని వెనక అసలు సాకెట్ చిరునామా. దాన్నుంచి మా సొంత స్ట్రక్చర్ ఒకటి నింపుతాం: ఫ్యామిలీ, 16 బైట్ల చిరునామా, స్కోప్, పోర్టు. మిగతా ప్రోగ్రాం ఈ స్ట్రక్చర్‌నే చూస్తుంది, సాకెట్ స్ట్రక్చర్‌ని ముట్టుకోదు.

ఈ గుమ్మం దగ్గరే ఇంకో పని జరగాలి. ఐపీవీ4 క్లయింట్ డ్యూయల్ స్టాక్ (ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఒకే చోట వినే) సాకెట్‌కి వస్తే కెర్నెల్ దాన్ని ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:192.168.1.20 రూపంలో చూపిస్తుంది. ఎక్స్‌పోర్ట్స్‌లో "192.168.1.20కి చదవడం మాత్రమే" అని రాసి, దాని కింద అందరికీ రాసే అనుమతి ఉంటే, ఈ వేషంలో వచ్చిన మెషీన్ పై నియమానికి చిక్కకుండా కింది నియమంలో పడుతుంది. అందుకని మొదటి 10 బైట్లు సున్నా, తర్వాతి 2 బైట్లు 255 అయితే దాన్ని అక్కడికక్కడే ఐపీవీ4గా మార్చేస్తాం. "మనం రెండు సాకెట్లు విడివిడిగా తెరుస్తున్నాం కదా, ఈ రూపం ఎందుకొస్తుంది?" అనిపించవచ్చు. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రాంలని లేపేది) సాకెట్ ఫైలులో వినే పోర్టు 2049 (ఎన్ఎఫ్ఎస్ పోర్టు) అని మాత్రమే రాసి, ఆ సాకెట్‌ని ప్రోగ్రాంకి అందిస్తే మామూలుగా వచ్చేది డ్యూయల్ స్టాకే. ప్రోగ్రాంని ఎవరు ఎలా నడుపుతారో మన చేతిలో లేదు.

బుధవారం: సాకెట్లు, ఆర్‌పీసీబైండ్

ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, రెండు సాకెట్లు. రెండో దానికి బైండ్‌కి (సాకెట్‌ని పోర్టుకి కట్టడానికి) ముందే ఐపీవీ6_వీ6ఓన్లీ ఆన్ చేయాలి. అది లేకుండా లైనక్స్‌లో :: (ఐపీవీ6లో అన్ని చిరునామాలూ) మీద 2049 బైండ్ చేసి, ఆ తర్వాత 0.0.0.0 మీద అదే పోర్టు అడిగితే 98వ ఎర్రర్ వస్తుంది, చిరునామా వాడకంలో ఉందని. ఒకే డ్యూయల్ స్టాక్ సాకెట్‌తో సరిపెట్టవచ్చు గానీ ఓపెన్‌బీఎస్‌డీలో అది అసలు కుదరదు, లైనక్స్‌లో బైండ్‌వీ6ఓన్లీ సెట్టింగ్‌ని బట్టి మారిపోతుంది. రెండు సాకెట్ల పద్ధతి ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది.

గెట్‌అడ్ర్‌ఇన్ఫోని ఏఐ_ప్యాసివ్‌తో పిలిచి వచ్చిన జాబితాలో మొదటిదాన్నే తీసుకునే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. జీలిబ్‌సీలో మొదట వచ్చేది సాధారణంగా 0.0.0.0. అలా చేస్తే ఐపీవీ6 మద్దతు కోడ్‌లో ఉంటుంది, పోర్టు మీద ఉండదు. జాబితా మొత్తం తిరగాలి. కెర్నెల్‌లో ఐపీవీ6ని పూర్తిగా ఆపేసిన మెషీన్‌లో సాకెట్ పిలుపే 97వ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు లాగ్‌లో ఒక లైను రాసి ఐపీవీ4తో ముందుకు పోవాలి, ఆగిపోకూడదు.

లిబ్‌టీఐఆర్‌పీసీలో ఎస్‌వీసీ_టీఎల్‌ఐ_క్రియేట్‌కి మనం బైండ్ చేసిన సాకెట్ ఇస్తే అది మళ్ళీ బైండ్ చేయదు, లిజన్ కూడా చేయదు. లిజన్ మనమే పిలిచి ఇవ్వాలి. లేకపోతే ప్రోగ్రాం ఏ ఎర్రరూ లేకుండా లేస్తుంది, క్లయింట్‌కి మాత్రం కనెక్షన్ రెఫ్యూజ్డ్.

రిజిస్ట్రేషన్ సంగతి, అంటే ఏ సేవ ఏ పోర్టులో ఉందో క్లయింట్లకి చెప్పే ఆర్‌పీసీబైండ్‌లో నమోదు. దాని పాత రూపం పోర్ట్‌మ్యాపర్ వెర్షన్ 2కి ఐపీవీ6 తెలియదు. ఆర్ఎఫ్‌సీ 1833లోని వెర్షన్ 3, 4 కావాలి. ఎస్‌వీసీ_రిజిస్టర్ బదులు ఎస్‌వీసీ_రెగ్ వాడి, టీసీపీ, టీసీపీ6 రెండు నెట్‌ఐడీలకీ (రవాణా పద్ధతుల పేర్లు) విడిగా నమోదు చేయాలి. ప్రోగ్రాం నంబర్లు మారవు: ఎన్ఎఫ్ఎస్ 100003, మౌంట్ (సర్వర్ ఫోల్డర్‌ని క్లయింట్‌కి తగిలించేది) 100005. /ఈటీసీ కింద నెట్‌కాన్ఫిగ్ ఫైలులో టీసీపీ6, యూడీపీ6 లైన్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి, బాగా తగ్గించిన కంటైనర్ ఇమేజీల్లో ఆ ఫైలే ఉండకపోవచ్చు. ప్రోగ్రాం లేచేటప్పుడు పాత నమోదు చెరిపే పిలుపు రెండు నమోదులకూ ముందు, ఒక్కసారే రావాలి. నెట్‌కాన్ఫిగ్ ఇవ్వకుండా పిలిస్తే అది అన్ని నెట్‌ఐడీలనీ తుడిచేస్తుంది. రెండు నమోదుల మధ్య పిలిస్తే మొదటిది పోతుంది.

పరీక్షకి ఈ నమోదుల్ని చూపే ఆర్‌పీసీఇన్ఫో వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అందరి చేతికీ అలవాటైన మైనస్ పీ ఆప్షన్ వెర్షన్ 2 ప్రశ్నే అడుగుతుంది, ఐపీవీ6 వరసలు అందులో ఎప్పటికీ కనబడవు. ఏ ఆప్షనూ లేకుండా నడిపితే టీసీపీ6 ఎదురుగా ::.8.1 అని వస్తుంది. చివరి రెండు అంకెలు పోర్టు: 8ని 256తో గుణించి 1 కలిపితే 2049.

డేటాకి యూడీపీ6 నమోదు చేయలేదు, కావాలనే. 32 కేబీ రీడ్ జవాబు 1500 ఎంటీయూలో (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) దాదాపు 23 తునకలవుతుంది. ఒక్క తునక పోతే మొత్తం పోయినట్టే. ఐపీవీ6 తునకల్ని దారిలో పడేసే పరికరాలూ తక్కువేమీ కాదు. లైనక్స్ క్లయింట్ కూడా 5.6 నుంచి యూడీపీ మీద ఎన్ఎఫ్ఎస్‌ని డిఫాల్ట్‌గా ఆపేసింది. క్లయింట్ మౌంట్ ఆప్షన్లలో ప్రోటో, మౌంట్‌ప్రోటో రెండింటికీ టీసీపీ6 అని రాస్తున్నాం. సర్వర్‌లో లాక్ మేనేజర్ లేదు కాబట్టి నోలాక్ కూడా.

శుక్రవారం: ఎక్స్‌పోర్ట్స్ ఫైలు

మొదట రాత రూపం. మౌంట్ కమాండ్‌లో ఐపీవీ6 చిరునామాకి చదరపు బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే చిరునామాలోని కోలన్‌కీ పాత్ ముందు వచ్చే కోలన్‌కీ తేడా తెలియదు. ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో మాత్రం లైనక్స్ సంప్రదాయం ఇందుకు ఎదురు: బ్రాకెట్లు పెట్టకూడదు, అవి వైల్డ్‌కార్డ్ అక్షరాల గుంపు గుర్తులు. మేమూ అదే పాటించాం, ఒకే ఫైలు రెండు సర్వర్లకీ పనికొస్తుంది. పాత పార్సర్ క్లయింట్ చిరునామాలో అంకెలు, చుక్కలు మాత్రమే ఒప్పుకునేది. కోలన్, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు, లింక్ లోకల్ (అదే నెట్‌వర్క్ లోపల మాత్రమే చెల్లే చిరునామాలు) కోసం శాతం గుర్తు చేర్చాం.

పోలిక ఎప్పుడూ బైట్లలోనే, అక్షరాల్లో కాదు. ఒకే ఐపీవీ6 చిరునామాని సున్నాలు కుదించి, కుదించకుండా, పెద్ద అక్షరాల్లో, చిన్న అక్షరాల్లో ఎన్నో రకాలుగా రాయవచ్చు. ఆర్ఎఫ్‌సీ 5952 ఒక రూపాన్ని సిఫారసు చేస్తుంది గానీ ఫైలు రాసే మనిషి అది చూసి రాయడు. సాకెట్ స్ట్రక్చర్ మొత్తాన్ని మెమ్‌కంప్‌తో (బైట్లని వరసగా పోల్చే ఫంక్షన్) పోల్చడమూ పనికిరాదు, అందులో పోర్టు ఉంటుంది, కనెక్షన్ కనెక్షన్‌కీ మారుతుంది.

ప్రిఫిక్స్ పోలిక ఇలా: పొడవుని 8తో భాగిస్తే వచ్చినన్ని నిండు బైట్లు మెమ్‌కంప్‌తో, మిగిలిన బిట్లకి మాస్క్. /60 అయితే 7 బైట్లు నేరుగా, ఎనిమిదో బైటుకి మాస్క్ 240. శేషం సున్నా అయితే అక్కడితో ఆగిపోవాలి. /128 దగ్గర 17వ బైటు చదివే కోడ్ ఇక్కడే పుడుతుంది.

ఈ పని చేస్తుంటే పాత ఐపీవీ4 మాస్క్ కోడ్ కూడా తిరగరాయాల్సి వచ్చింది. అందులో మాస్క్‌ని 32 మైనస్ ప్రిఫిక్స్ స్థానాలు ఎడమకి జరిపి తయారుచేస్తారు. ప్రిఫిక్స్ 0 అయితే 32 స్థానాలు జరపాలి. 32 బిట్ల సంఖ్యని 32 స్థానాలు జరిపితే ఏమవుతుందో సీ ప్రమాణం చెప్పదు. ఎక్స్86 ప్రాసెసర్ ఆ 32లో కింది 5 బిట్లే చూస్తుంది, అంటే 0. మాస్క్ కదలకుండా అన్నీ ఒకట్లతో మిగిలిపోతుంది. "అందరికీ" అని రాసిన 0.0.0.0/0 కాస్తా 0.0.0.0 అనే ఒక్క చిరునామాకే సరిపోయే /32 అవుతుంది. ఇప్పుడు రెండు ఫ్యామిలీలకీ ఒకే బైట్ల ఫంక్షన్ వాడుతున్నాం, జరపడం అన్న మాటే లేదు.

పేరుతో రాసిన క్లయింట్లు ఇంకో సంగతి. గెట్‌హోస్ట్‌బైనేమ్ నుంచి మొదటి చిరునామా ఒక్కటే దాచేవారు. ఇప్పుడు గెట్‌అడ్ర్‌ఇన్ఫో ఇచ్చినవన్నీ దాచాలి. ఇక్కడ ఏఐ_అడ్ర్‌కాన్ఫిగ్ జెండా పెట్టకూడదు. సర్వర్ లేచిన క్షణానికి ఇంటర్‌ఫేస్‌కి ఐపీవీ6 చిరునామా ఇంకా రాకపోతే ఆ జెండా ఐపీవీ6 జవాబుల్ని దాచేస్తుంది. ఎక్స్‌పోర్ట్స్ పట్టిక ఐపీవీ4తోనే నిండి, మళ్ళీ లోడ్ చేసేదాకా అలాగే ఉంటుంది.

ఒక్కో మెషీన్‌కి /128 రాయవద్దని స్టూడియోకి గట్టిగా చెప్పాం. డెస్క్‌టాప్ లైనక్స్‌లో ప్రైవసీ చిరునామాలు ఆన్‌లో ఉంటే బయటికి వెళ్ళే చిరునామా తనంతట తానే మారుతుంది. 2021 నాటి ఆర్ఎఫ్‌సీ 8981 ప్రకారం డిఫాల్ట్‌గా ఒక రోజు ఇష్టపడే గడువు, రెండు రోజులు చెల్లే గడువు. టీసీపీ కనెక్షన్ తెగనంతకాలం పాత చిరునామాతోనే నడుస్తుంది, అందుకే మొదటి రోజు లోపం కనబడదు. మెషీన్ నిద్రపోయి లేచి మళ్ళీ కనెక్టయినప్పుడు కొత్త చిరునామాతో వచ్చి పర్మిషన్ డినైడ్ అంటుంది. అనుమతి /64 స్థాయిలో ఇవ్వడమే పద్ధతి. డబ్బింగ్ గదులకి ఒక /64, ఎడిటింగ్‌కి ఒకటి, హైదరాబాద్‌కి ఒకటి.

ఆ /64లు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ప్రిఫిక్స్ నుంచి తీసుకోలేదు. చిన్న ఆఫీసు కనెక్షన్లలో కరెంటు పోయి రౌటర్ మళ్ళీ లేస్తే ప్రిఫిక్స్ మారిపోవచ్చు, ఎక్స్‌పోర్ట్స్ మొత్తం చెల్లకుండా పోతుంది. ఆర్ఎఫ్‌సీ 4193 చెప్పే సొంత చిరునామాలు, ఎఫ్‌డీతో మొదలయ్యేవి, వాడుతున్నాం. 40 బిట్లు నిజంగా ర్యాండమ్‌గా తీసుకోవాలి. గుర్తుంటుందని ఒకట్లూ సున్నాలూ పెట్టుకుంటే రేపు ఇంకో ఆఫీసుని కలిపే రోజు 192.168.1 గొడవే మళ్ళీ మొదలవుతుంది. ఒక /48లో 65,536 /64లు ఉంటాయి, కరువేమీ లేదు.

శనివారం: ఫైర్‌వాల్

ఈ భాగం ఐపీవీ6 పోర్టు తెరిచే ముందు చేయాల్సింది, తెరిచాక కాదు. ఐపీవీ4లో 2049 పోర్టు నాట్ (లోపలి చిరునామాల్ని రౌటర్ బయటి చిరునామాగా మార్చే పద్ధతి) వెనక ఉండిపోయింది, దాన్ని ఎవరూ ప్రత్యేకంగా కాపాడలేదు. ఐపీవీ6లో నాట్ లేదు, సర్వర్‌కి బయటి చిరునామా నేరుగా ఉంటుంది. పాత ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్ నియమాలు ఐపీవీ6 ప్యాకెట్లని అసలు చూడవు. వీధి తలుపుకి తాళమేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టు అవుతుంది. ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఐనెట్ ఫ్యామిలీ టేబుల్ ఒకటి పెట్టి రెంటికీ ఒకే నియమాలు రాశాం: 111, 2049 పోర్టులు మా ఎఫ్‌డీ ప్రిఫిక్స్ నుంచి, లోపలి ఐపీవీ4 నుంచి మాత్రమే.

భయంతో ఐసీఎంపీవీ6 (ఐపీవీ6లో లోపాలు తెలిపే, పక్క మెషీన్లని వెతికే సందేశాలు) మొత్తం మూసేయడం రెండో తప్పు. 133 నుంచి 136 వరకు రకాలు మూస్తే పక్క మెషీన్ కూడా దొరకదు. 2వ రకం, ప్యాకెట్ టూ బిగ్, మూస్తే ఏమవుతుందో కింది భాగంలో. 1, 2, 3, 4 రకాలు తెరిచే ఉంచాలి, మధ్య రౌటర్లలో కూడా.

మరుసటి సోమవారం: హైదరాబాద్ నుంచి పెద్ద ఫైళ్ళు

లక్షణం ఒక్కటే: మౌంట్ అవుతుంది, ఫోల్డర్ తెరుచుకుంటుంది, చిన్న ఫైలు వస్తుంది, వీడియో ఫైలు తెరవగానే అలా నిలబడిపోతుంది. ఎన్ఎఫ్ఎస్‌ని అనుమానించే ముందు ఎంటీయూ చూడాలి. ఐపీవీ6లో మధ్య రౌటర్ ప్యాకెట్‌ని తునకలు చేయదు. పట్టకపోతే పడేసి, పంపినవారికి ప్యాకెట్ టూ బిగ్ అని చెబుతుంది. ఆ మాట చేరకపోతే పంపేవాడు అదే సైజు మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉంటాడు.

మా లెక్క ఇది. వైర్‌గార్డ్ డిఫాల్ట్ ఎంటీయూ 1420. 1500 నుంచి 80 తీసేస్తే వచ్చింది: ఐపీవీ6 హెడర్ 40, యూడీపీ 8, వైర్‌గార్డ్ 32. టన్నెల్ బయట ఐపీవీ4 అయితే హెడర్ 20 బైట్లే కాబట్టి మొత్తం 1480, 1492 ఉన్న పీపీపీఓఈ (ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ పద్ధతి) లైన్‌లో సులువుగా పడుతుంది. బయట ఐపీవీ6 అయితే మొత్తం సరిగ్గా 1500, అంటే 8 బైట్లు ఎక్కువ. ఐపీవీ4తో నడిచే టన్నెల్ ఐపీవీ6కి మార్చగానే పెద్ద ఫైళ్ళ దగ్గర మొరాయించడానికి ఈ 8 బైట్లే కారణం. పీపీపీఓఈ రౌటర్‌లో ఉంటుంది గనుక సర్వర్‌కి తన ఇంటర్‌ఫేస్ 1500 గానే కనబడుతుంది, వైర్‌గార్డ్ దానంతటది ఈ సంగతి కనిపెట్టలేదు. రెండు చివర్లా 1412 పెట్టాం.

సరిచూసే పద్ధతి: తునకలు చేయవద్దని చెప్పి పింగ్. టన్నెల్ లోపల 1412కి డేటా సైజు 1364, ఎందుకంటే 40 ఐపీ హెడర్‌కి, 8 ఐసీఎంపీకి పోతాయి. 1364 వెళ్ళాలి, 1365 వెళ్ళకూడదు. రెండో సగం కూడా చూడాలి, లేకపోతే తునకలతో నెట్టుకొస్తున్న దారి కూడా మంచిదిగా కనిపిస్తుంది.

మంగళవారం: కరెంటు పోయి వచ్చాక

సర్వర్‌ని ఒకే ఎఫ్‌డీ చిరునామాకి కట్టి ఉంచితే, రీబూట్ తర్వాత కొన్నిసార్లు లేవదు, చేత్తో స్టార్ట్ చేస్తే లేస్తుంది. కారణం డూప్లికేట్ అడ్రస్ పరీక్ష. ఇంటర్‌ఫేస్‌కి చిరునామా పెట్టాక, ఇంకెవరైనా వాడుతున్నారా అని కెర్నెల్ దాదాపు ఒక సెకను చూస్తుంది. అంతవరకు అది టెంటటివ్. అప్పుడు బైండ్ అడిగితే చిరునామా అందుబాటులో లేదని ఎర్రర్. సిస్టమ్‌డీ యూనిట్‌ని నెట్‌వర్క్-ఆన్‌లైన్ తర్వాతే లేచేలా పెట్టి, సాకెట్‌కి ఐపీ_ఫ్రీబైండ్ (చిరునామా ఇంకా సిద్ధంగా లేకున్నా బైండ్ కానిచ్చేది) కూడా ఇచ్చాం. యూపీఎస్ ఉన్నా సర్వర్ ముందు లేచి స్విచ్ ఆలస్యంగా లేచే సందర్భాలుంటాయి, కాబట్టి రెండూ కావాలి. పరీక్షల కోసం చేసే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లలో చిరునామా జోడించేటప్పుడు నోడాడ్ అని చేర్చితే ఆ సెకను ఎదురుచూపు ఉండదు, ఆటోమేటిక్ పరీక్షలు ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే బెడద తీరుతుంది.

లాగ్‌ల పని చిన్నదే. ఐపీవీ4 బఫర్ 16 బైట్లు, ఐపీవీ6కి 46 కావాలి. పాత బఫర్‌లో రాస్తే ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ చిరునామాని మధ్యలో నిశ్శబ్దంగా కోసేస్తుంది, ఒకే /64లోని మెషీన్లన్నీ ఒకటిగా కనిపిస్తాయి. పోర్టుతో కలిపి రాసేచోట చిరునామాకి చదరపు బ్రాకెట్లు.

మిగిలినవి

డీఎన్ఎస్‌లో సర్వర్ పేరుకి క్వాడ్ ఏ రికార్డు (పేరుకి ఐపీవీ6 చిరునామా చెప్పేది) ఇంకా పెట్టలేదు. అది ఆఖర్న వెళ్ళాలి. ముందే పెడితే క్లయింట్లు ఐపీవీ6 వైపు మొగ్గవచ్చు. ఫైర్‌వాల్ జవాబివ్వకుండా పడేస్తుంటే ఒక్కో మౌంట్ టైమవుట్ దాకా వేలాడుతుంది. డబ్బింగ్ గదుల మెషీన్లలో మౌంట్ ఆప్షన్లు మార్చడం అయ్యాక, 300 సెకన్ల టీటీఎల్‌తో (జవాబుని దాచుకునే గడువు) రికార్డు పెట్టి, లాగ్‌లో టీసీపీ6 కనెక్షన్లు చూసుకుని, ఆ తర్వాతే టీటీఎల్ పెంచుతాం. లింక్ లోకల్ చిరునామాలకి ఎక్స్‌పోర్ట్స్‌లో అనుమతి కోడ్ పరంగా సిద్ధంగా ఉంది గానీ స్కోప్ లేకుండా రాసిన లైనుని పార్సర్ తిరస్కరించాలి. ఆ పరీక్ష రాసేదాకా విడుదల ఆపి ఉంచాం.